పాత స్కూల్ డ్రామాలు ఎలా చూడాలి: ఒక సోషల్ టీచర్ సలహాలు

కొత్త టీచర్ వస్తాడు, క్లాసు అల్లరి చేస్తుంది, ఆయన ఓపిగ్గా నెగ్గుకొస్తాడు, చివర్లో పిల్లలు కళ్ల నీళ్లు పెట్టుకుంటారు. హైస్కూల్ టీచర్ల మీద వచ్చిన పాత టీవీ సీరియళ్లన్నీ ఇంతేనని చాలామంది అనుకుంటారు, అందుకే వాటి జోలికి పోరు. నేను బడిలో సోషల్ చెప్పినదాన్ని. ఈ సీరియళ్లంటే నాకు ప్రాణం. వీటిలో మంచివి చూడటానికి ఒక పద్ధతి ఉంది. టీచర్ గెలుస్తాడా లేదా అన్నది పక్కన పెట్టి, ఆయన చేతిలో ఏముంది, ఏం లేదు అన్నది కనిపెడుతూ చూడాలి. అలా చూస్తే అరవై ఏళ్ల కిందటి ఎపిసోడ్ కూడా నిన్న తీసినట్టే ఉంటుంది.

మొదలు 'రూమ్ 222'తో పెట్టండి. అమెరికాలో ఏబీసీ ఛానెల్‌లో 1969 సెప్టెంబర్ నుంచి 1974 జనవరి దాకా వచ్చింది. అరగంట సీరియల్, ప్రకటనలు పోతే పాతిక నిమిషాలు. కాబట్టి అలవాటు లేనివాళ్లకి భారం కాదు. కథ లాస్ ఏంజెలెస్‌లోని వాల్ట్ విట్‌మన్ హైస్కూల్ అనే కల్పిత బడిలో జరుగుతుంది. పీట్ డిక్సన్ అనే నల్లజాతి టీచర్ అమెరికా చరిత్ర చెప్తాడు, ఆ పాత్ర వేసింది లాయిడ్ హేన్స్. కౌన్సెలర్ లిజ్ మెకింటైర్‌గా డెనీస్ నికొలస్, ప్రిన్సిపాల్ కాఫ్‌మన్‌గా మైకేల్ కాన్‌స్టంటైన్, ట్రైనింగ్‌లో ఉన్న ఆలిస్ జాన్సన్‌గా కరెన్ వాలంటైన్. ముఖ్యంగా ఈ నలుగురే. సృష్టికర్త జేమ్స్ ఎల్. బ్రూక్స్. 1970లో కొత్త సీరియళ్ల కోవలో ఎమ్మీ అవార్డు వచ్చింది, కాన్‌స్టంటైన్‌కీ వాలంటైన్‌కీ కూడా ఎమ్మీలు వచ్చాయి.

తొలి ఎపిసోడ్ నుంచే చూడండి. అందులో రిచీ అని చురుకైన కుర్రాడు ఉంటాడు. చదువంటే ఇష్టం. అయితే ఆ బడి పరిధిలో వాడి ఇల్లు లేదు. అడ్రస్ తప్పు చెప్పి చేరాడు. ఆ సంగతి టీచర్‌కి తెలుస్తుంది. సరిగ్గా అక్కడ వీడియో ఆపేయండి. ఆపి, మీరే ఆ టీచర్ అయితే ఏం చేస్తారో ఒక కాగితం మీద రాయండి. మనసులో అనుకుంటే చాలదు, రాయాలి. మనసులో అనుకున్నది కథ ముందుకెళ్లాక మనకు తెలియకుండానే మారిపోతుంది, కాగితం మీదది మారదు. ప్రిన్సిపాల్‌కి చెప్తారా? ముందు పిల్లాడితో మాట్లాడతారా? వాడి తల్లిదండ్రులతోనా? చూసీ చూడనట్టు ఊరుకుంటారా? రాశాక మళ్లీ ప్లే చేయండి. అక్కడ అందరికీ రూల్ తెలుసు, అందరికీ పిల్లాడి మీద ప్రేమా ఉంది, చెడ్డవాడంటూ ఎవరూ లేడు. ముడి బిగిసింది అందుకే. ఆ తర్వాత ఏమవుతుందో నేను చెప్పను.

ఒక ఎపిసోడ్ అయ్యాక వెంటనే రెండోదానికి పోకండి. అదే ఎపిసోడ్‌లోని క్లాసు సీన్లు మాత్రం ఇంకోసారి వేయండి. ఈసారి మాట్లాడేవాళ్లని వదిలేసి మిగతా పిల్లల్ని చూడండి. వెనక వరసలో ఎవరు తల వంచుకున్నారు, ఎవరు చెయ్యి సగం ఎత్తి దించేశారు, బెల్లు కొట్టాక ఎవరు చివరిదాకా కూర్చున్నారు. బోర్డు వైపు తిరిగినప్పుడు కూడా వీపు వెనక ఏం జరుగుతోందో కనిపెట్టడం టీచర్లకి అలవాటు. ప్రేక్షకులకి కూడా ఆ అలవాటు రావాలి. చాలా సీరియళ్లలో వెనక పిల్లలు బొమ్మల్లా కూర్చుంటారు. వాళ్లకి కూడా ఒక ముఖం, ఒక పని ఇచ్చిన దర్శకుడి మీద నాకు గౌరవం.

ఇంకొకటి కూడా గమనించండి: పాఠం. టీచర్ నిజంగా ఏదైనా చెప్తున్నాడా, లేక పుస్తకం చేతిలో పట్టుకుని జీవితం గురించి ఉపన్యాసం ఇస్తున్నాడా? నేను ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకుని ప్రతి ఎపిసోడ్‌కీ ఒకే ప్రశ్న రాసుకుంటాను: 'ఈ రోజు క్లాసులో పిల్లలు నేర్చుకున్న సబ్జెక్టు సంగతి ఏది?' జవాబు దొరికిన ఎపిసోడ్లు నాకు ఎక్కువకాలం గుర్తుంటాయి. డిక్సన్ చరిత్ర చెప్పే మనిషి కాబట్టి బయటి గొడవ క్లాసులోకి రావడానికి దారి సహజంగానే ఉంటుంది. వియత్నాం యుద్ధం, జాతివివక్ష అప్పుడు రోడ్ల మీద ఉన్న విషయాలు. పిల్లలు వాటిని పుస్తకంలో వెతుక్కోనక్కర్లేదు.

ఒక నెల ఇలా చూశాక 'మిస్టర్ నోవాక్'కి రండి. ఇది ఇంకా పాతది, ఎన్‌బీసీలో 1963 నుంచి 1965 దాకా రెండు సీజన్లు వచ్చింది. నలుపు తెలుపు. గంట స్లాట్. జేమ్స్ ఫ్రాన్సిస్కస్ ఇంగ్లిష్ టీచర్ జాన్ నోవాక్. మొదటి సీజన్‌లో ప్రిన్సిపాల్ ఆల్బర్ట్ వేన్‌గా డీన్ జాగర్ ఉంటాడు, రెండో సీజన్ మధ్యలో ఆయన వెళ్లిపోయి బర్జెస్ మెరెడిత్ వస్తాడు. ఈ మార్పు తెలియకుండా ఎపిసోడ్లు కలగాపులగంగా చూస్తే తికమక అవుతుంది, కాబట్టి మొదటి సీజన్ వరసగా ముగించండి.

గంట సీరియల్ చూసేటప్పుడు తెర నల్లబడే చోట్లు కనిపెట్టండి. అవి ప్రకటనల కోసం వదిలిన విరామాలు. ప్రేక్షకుడు ఛానెల్ మార్చకుండా ఉండాలని రచయిత ప్రతి విరామానికి ముందు ఒక ప్రశ్న వేలాడదీస్తాడు. ఆ ప్రశ్న ఎవరిదో చూడండి. విద్యార్థిదా, టీచర్‌దా, ప్రిన్సిపాల్‌దా? 'మిస్టర్ నోవాక్'లో చాలాసార్లు అది ప్రిన్సిపాల్ గదిలో వేలాడుతుంది. కుర్ర టీచర్ ఆవేశంగా లోపలికి వస్తాడు, పెద్దాయన తలుపు వేసి మాట్లాడతాడు. డీన్ జాగర్ గొంతు తగ్గించి మాట్లాడే సీన్ల కోసమే నేను ఈ సీరియల్ మళ్లీ మళ్లీ చూస్తాను. మంచి ప్రిన్సిపాల్ దగ్గర పనిచేసినవాళ్లకి ఆ గది వెంటనే తెలిసిపోతుంది.

ఈ సీరియల్ స్క్రిప్టులను అమెరికా టీచర్ల జాతీయ సంఘం తరఫున ఒక సలహా బృందం చదివేది. టీచర్లు బళ్లో ఎలా మాట్లాడుకుంటారో రచయితలకి ఎలా పట్టుబడిందో అప్పుడు అర్థమవుతుంది. అయినా హద్దులు ఉన్నాయి. సుఖవ్యాధుల మీద అదే ఛానెల్‌లో వచ్చిన ఆసుపత్రి సీరియల్ 'డాక్టర్ కిల్డేర్'తో కలిపి అనుకున్న రెండు భాగాల కథకి ఛానెల్ ఒప్పుకోలేదు, అది తెరకెక్కనే లేదు. పాత డ్రామాలు చూసేటప్పుడు ఏం చూపించారన్నదాంతో పాటు ఏం చూపించనివ్వలేదో కూడా లెక్కలో పెట్టుకోవాలి. ఆడపిల్లల కథ అర్ధాంతరంగా ఆగిపోయినట్టు అనిపిస్తే చాలాసార్లు కారణం ఇలాంటి హద్దే.

'ద వైట్ షాడో' గురించి క్లుప్తంగా చెప్తాను. సీబీఎస్, 1978 నుంచి 1981. చికాగో బుల్స్‌కి ఆడి రిటైరైన కెన్ రీవ్స్ లాస్ ఏంజెలెస్‌లోని కార్వర్ హైస్కూల్‌లో బాస్కెట్‌బాల్ కోచ్‌గా చేరతాడు, ఆ పాత్ర కెన్ హోవర్డ్ వేశాడు. ఆటలంటే ఇష్టం లేదని దీన్ని వదిలేయకండి. రెండో సీజన్‌లో జట్టులోని కుర్రాడు జాక్సన్ తుపాకీ కాల్పుల్లో చనిపోతాడు, అదీ ఛాంపియన్‌షిప్ ముందు. పేరున్న పాత్ర, వారం వారం చూసిన పిల్లాడు. టీచర్ చేతిలో లేనిది ఏమిటో ఇంతకన్నా సూటిగా చూపించిన అమెరికన్ స్కూల్ కథ నేను చూడలేదు. ముందు ఎపిసోడ్లు చూడకుండా ఆ ఒక్కటే వెతుక్కుని చూస్తే ఆ దెబ్బ తగలదు.

ఇక జపాన్. '3వ సంవత్సరం బి సెక్షన్ కింపాచి మాస్టారు' లేకుండా ఈ విషయం పూర్తి కాదు. టీబీఎస్‌లో 1979 అక్టోబర్‌లో మొదలై, మధ్యమధ్య విరామాలతో 2011 దాకా నడిచింది. మొదటి నుంచీ చివరిదాకా కింపాచి మాస్టారు తకెదా తెత్సుయానే. మూల రచయిత్రి ఒసనాయి మియెకో. లెక్క ప్రకారం అది మిడిల్ స్కూల్ చివరి సంవత్సరం, కానీ పిల్లల వయసు పద్నాలుగు, పదిహేను. అంటే మన తొమ్మిదీ పదీ క్లాసుల వాళ్లు. హైస్కూల్ ఎంట్రెన్స్ పరీక్ష టెన్షన్ అంతా అక్కడే ఉంటుంది.

దీన్ని చూసే పద్ధతి వేరు. జపాన్‌లో విద్యా సంవత్సరం ఏప్రిల్‌లో మొదలై మార్చిలో ముగుస్తుంది. మొదటి సిరీస్ అక్టోబర్ నుంచి మార్చి దాకా ప్రసారమైంది, కాబట్టి కథలో చలికాలం, పరీక్షలు, వీడ్కోలు ప్రేక్షకుల క్యాలెండర్‌తో కలిసి నడిచాయి. వారానికి ఒకటి చొప్పున చూస్తేనే ఆ నడక తెలుస్తుంది. ఒక్క రాత్రిలో ఐదారు మింగేస్తే మాస్టారి ఉపన్యాసాలు పొడుగ్గా అనిపిస్తాయి. అవి నిజంగానే పొడుగు. ఆయన మాట్లాడుతున్నప్పుడు కెమెరా పిల్లల ముఖాల మీదికి వెళ్తుంది, మీ చూపు కూడా అక్కడే ఉంచండి. సబ్‌టైటిల్స్‌తో చూసేవాళ్లకి ఇది కష్టం, అందుకే ఉపన్యాసం సీన్ ఒకసారి చదవడానికి, ఒకసారి చూడటానికి వేసుకోండి.

మొదటి సిరీస్‌లో పదిహేనేళ్ల యుకినో గర్భవతి అవుతుంది. బిడ్డకి తండ్రి తోటి విద్యార్థే. అప్పటి ఇళ్లలో గొంతెత్తి మాట్లాడని విషయం అది. మాస్టారు దాన్ని క్లాసు ముందుకే తెచ్చి పిల్లలతో మాట్లాడిస్తాడు. రెండో సిరీస్‌లో వేరే బడి వదిలించుకున్న కతో మసారు ఈ క్లాసుకి వస్తాడు. బుట్టలో ఒక కమలాపండు కుళ్లితే మిగతావీ కుళ్లుతాయి, కాబట్టి తీసి పారేయాలి అన్నది ఆ పాత బడి వాదన. ఈ కథ 1981 మార్చిలో పతాకస్థాయికి చేరుతుంది. మసారు, మిత్రుడు మత్సుఉరాతో కలిసి పాత బడి బ్రాడ్‌కాస్ట్ గదిలో తలుపులు బిగించుకుంటాడు. తర్వాత పోలీసులు వచ్చి పట్టుకెళ్తారు. ఆ సీన్ స్లో మోషన్‌లో, మాటలు లేకుండా, గాయని నకజిమ మియుకి పాట మీద నడుస్తుంది. విడిగా ఆ క్లిప్ చూసినవాళ్లు సంగీతం బాగుంది అంటారు. మొదటి నుంచీ వారాల పాటు మసారుతో గడిపినవాళ్లకి మాత్రం ఊపిరాడదు. అంతవరకూ ఎన్ని మాటలైనా చెప్పగలిగిన మాస్టారి మాట అక్కడ పనిచేయదు. ఆ తర్వాత ఆయన పోలీస్ స్టేషన్‌కి వెళ్తాడు. అక్కడ ఏం చేస్తాడో జాగ్రత్తగా చూడండి.

ఈ జపాన్ సీరియళ్లలో టీచర్లు పిల్లల మీద చెయ్యి చేసుకునే సీన్లు వస్తాయి. కాలం అలాంటిది అని సర్దుకోవడం నాకు నచ్చదు, ఆ కారణంగా మొత్తం సీరియల్‌ని అవతల పారేయడమూ నచ్చదు. ఆ సీన్ దగ్గర ఆపి, ఆ దెబ్బ కథలో ఏ పని చేసింది, అది లేకపోతే టీచర్ ఏం మాట్లాడి ఉండాల్సింది అని ఆలోచించండి. పిల్లలతో కలిసి చూస్తుంటే వాళ్లనే అడగండి. నేను మా చెల్లెలి కొడుకుతో చూస్తుంటాను. వాడు తొమ్మిదో క్లాసు. వాడికి నేను పెట్టిన షరతు ఒక్కటే, నేను టీచర్ పక్షం, వాడు విద్యార్థి పక్షం, ఎపిసోడ్ అయ్యాక ఇద్దరం ఎవరి వాదన వాళ్లు చెప్పాలి. వాడు పట్టుకునే తప్పులు నాకు తట్టవు. డిక్సన్ ఒక పిల్లాడితో వరండాలో అందరి ముందు మాట్లాడితే, "పిన్ని, పక్కకి పిలిచి అడగొచ్చుగా" అంటాడు. నిజమే.

పిల్లలతో చూసేటప్పుడు మధ్యలో నీతి చెప్పకండి. పెద్దవాళ్లు రిమోట్ పట్టుకుని "చూశావా" అన్న మరుక్షణం వాళ్లకి అది సీరియల్ కాకుండా పోతుంది, మళ్లీ క్లాసు అయిపోతుంది. యుకినో కథ, జాక్సన్ కథ మాత్రం ముందు మీరు ఒక్కరే చూసి, మీ పిల్లల వయసుకి తగునో లేదో నిర్ణయించుకోండి.

'రూమ్ 222', 'మిస్టర్ నోవాక్', 'ద వైట్ షాడో' మూడింటికీ మొదటి సీజన్ డీవీడీలు వచ్చాయి. దొరికితే అవే కొనండి. అక్కడక్కడ తిరిగే కాపీల్లో సీన్లు కత్తిరించినవి ఉంటాయి, కత్తెర పడేది చాలాసార్లు స్టాఫ్ రూమ్ సీన్ల మీదే. కథ ముందుకి నడవడానికి అవి అక్కర్లేదని ఎడిటర్ అనుకుంటాడు. టీచర్లు టీ కప్పు పట్టుకుని, ఇందాక క్లాసులో జరిగింది ఒకరికొకరు చెప్పుకునే ఆ రెండు నిమిషాలు లేకపోతే సగం సీరియల్ లేనట్టే.