స్కైలైన్ డ్రైవ్‌లో ఫాల్ కలర్స్ చూడాలంటే

అక్టోబర్ వస్తే చాలు, తెలిసినవాళ్లంతా నన్ను ఒకటే అడుగుతారు: "పీక్, అంటే ఆకుల రంగులు నిండుగా ఉండే రోజులు, ఎప్పుడండీ? ఏ శనివారం వెళ్లమంటారు?" వర్జీనియాలోని షెనండోవా నేషనల్ పార్క్‌కి వెళ్లేవాళ్లకు నేను తేదీ చెప్పను, ఎత్తు చూసుకోమంటాను. చలి ముందు కొండపైకి వస్తుంది, ఆకులూ అక్కడే ముందు రంగు తిరుగుతాయి. ఆ రంగు రోజురోజుకీ లోయవైపు దిగుతుంది.

ఈ పార్క్‌లో కొండల మీదుగా సాగే రోడ్డే స్కైలైన్ డ్రైవ్, మొత్తం 105 మైళ్లు. ఉత్తరాన ఫ్రంట్ రాయల్ దగ్గర తక్కువ ఎత్తులో మొదలై, స్కైలాండ్ దగ్గర 3,600 అడుగులు దాటుతుంది. అక్టోబర్ మధ్యలో వెళ్తే స్కైలాండ్ చుట్టుపక్కలే ఉండండి. నెలాఖరు అయితే పైన కొమ్మలు బోసిపోయి ఉండొచ్చు. దిగులు పడకుండా ఫ్రంట్ రాయల్ వైపు దిగిరండి, ఓక్ చెట్లు ఇంకా ఇటుకరంగులో నిండుగా ఉంటాయి. ఓక్‌లు అన్నిటికంటే ఆఖరున మారతాయి. ముందుగా ఎర్రబడేది బ్లాక్ గమ్ చెట్టు. హికరీ, ట్యూలిప్ పాప్లర్‌లది పసుపు.

కుదిరితే వీక్‌డే పెట్టుకోండి. శని, ఆదివారాలే వీలైతే పొద్దున్నే గేటు దాటేయండి. ఫ్రంట్ రాయల్, థార్న్‌టన్ గ్యాప్ గేట్ల దగ్గర కార్ల వరుస చాలా పెద్దది. ఉత్తరం నుంచి లెక్కిస్తే 65వ మైలు దాటాక వచ్చే స్విఫ్ట్ రన్ గ్యాప్ గేటు నుంచి రావడం నాకిష్టం. స్పీడ్ లిమిట్ గంటకు 35 మైళ్లే కాబట్టి రోడ్డంతా ఒక్కరోజులో చుట్టేయాలని చూడకండి. ముప్పై మైళ్లు చాలు, ఆగుతూ వెళ్లండి.

ఓవర్‌లుక్ (రోడ్డు పక్కన ఆగి లోయను చూసే చోటు) దగ్గర ఫొటో తీసుకుని కారెక్కేస్తే సగమే చూసినట్టు. స్టోనీ మ్యాన్ ట్రెయిల్ రానూపోనూ 1.6 మైళ్లే, పిల్లలూ నడవగలరు. దారిలో రాలిన ఎర్రటి మేపుల్ ఆకు ఒకటి దొరికితే చేతిలోకి తీసుకుని పరీక్షగా చూడండి. కొన్నిటి మీద పసుపు మచ్చ ఉంటుంది, పైన ఇంకో ఆకు అడ్డుపడి ఎండ తగలని చోటన్నమాట. పసుపు రంగు ఆకులో మొదటినుంచీ ఉన్నదే, పచ్చదనం తగ్గాక బయటపడుతుంది. ఎరుపును మాత్రం ఆకు అప్పటికప్పుడు చక్కెరల నుంచి తయారుచేసుకుంటుంది, దానికి ఎండ కావాలి. పగళ్లు ఎండగా, రాత్రులు గడ్డకట్టనంత చల్లగా ఉన్న ఏడాది కొండలు అంతగా ఎర్రబడేది అందుకే. చూశాక ఆకును అక్కడే వదిలేయండి.

ఎండ మీ వీపు మీద కాకుండా ఆకుల వెనక నుంచి పడేలా నిలబడి చూడండి, చెట్టు చెట్టంతా వెలుగుతుంది. మబ్బు పట్టిందని ట్రిప్ మానుకోకండి, మబ్బులో రంగులు ఇంకా చిక్కగా కనిపిస్తాయి. పొగమంచు కమ్మితే మాత్రం లోయ ఏమీ కనపడదు. అలాంటప్పుడు ట్రెయిల్ పట్టుకోవడమే మంచిది.

లోయకంటే పైన సుమారు 10 డిగ్రీల ఫారెన్‌హీట్ తక్కువ ఉంటుంది, జాకెట్ తప్పనిసరి. తడిసిన ఆకుల కింద రాయి జారుతుంది, పట్టున్న షూస్ వేసుకోండి. పొద్దు త్వరగా గుంకుతుంది కాబట్టి టార్చ్ కూడా ఉండాలి. చీకటి పడేవేళ జింకలు చటుక్కున రోడ్డు మీదకి వస్తాయి. ఒకటి దాటిందంటే వెనక ఇంకోటి ఉందనుకుని ఆగండి.