ఇంట్లో నెట్ నెమ్మదిస్తే, 3వ పాఠం: 94 దగ్గర ఆగిపోయినవాళ్ల కోసం

ఈ పాఠంలో వైఫై చానెళ్ల (సిగ్నల్ వెళ్లే దారుల) సంగతి చెప్పాలి. కానీ పోయిన పాఠం అభ్యాసం చేసినవాళ్లలో చాలామంది ఒకే చోట ఆగిపోయారు. కంప్యూటర్‌ను కేబుల్‌తో రౌటర్‌కు కలిపి స్పీడ్ టెస్ట్ చేస్తే, ప్లాన్ 200 అయినా 300 అయినా 94 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) దాటలేదట. కనెక్షన్ ఇచ్చినవాళ్లు మోసం చేస్తున్నారని కొందరు, కొత్త రౌటర్ కొనేస్తామని కొందరు రాశారు. కొనకండి. ముందు ఇది చదవండి.

దానికంటే ముందు ఒక చిన్న మాట. రీస్టార్ట్ చేయమంటే కొందరు వెనకున్న సన్నటి బెజ్జంలో పిన్ను పెట్టి నొక్కారు. అది రీసెట్. సెట్టింగులన్నీ చెరిగిపోతాయి, కొన్ని కనెక్షన్లకు కావాల్సిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కూడా పోతాయి. రీస్టార్ట్ అంటే పవర్ తీసి, అర నిమిషం ఆగి, మళ్లీ పెట్టడం. అంతే.

ఇక 94. నెట్ నిజంగా నెమ్మదిగా ఉంటే అంకె ఒకసారి 60, ఒకసారి 130 అంటూ ఊగుతుంది. ఎప్పుడు చూసినా 93, 94 దగ్గరే గోడ కట్టినట్టు ఆగిందంటే, దారిలో ఎక్కడో ఒక లింకు, అంటే రెండు పరికరాల మధ్య కనెక్షన్, 100 ఎంబీపీఎస్ దగ్గర కుదిరిందని అర్థం. మరి 100 ఎందుకు రాదు? డేటా ముక్కలు ముక్కలుగా వెళ్తుంది. ప్రతి ముక్కకూ చిరునామాలు, తప్పులు పట్టే గుర్తు, తర్వాతి ముక్కకు ముందు కాస్త ఖాళీ ఉంటాయి. నూటికి ఐదారు పాళ్లు వాటికే పోతాయి. అదే లెక్కన గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) లింకు మీద 940 దాకా వస్తుంది.

100 లింకుకు కేబుల్‌లోని రెండు జంటల తీగలు చాలు. గిగాబిట్‌కు నాలుగు జంటలూ, అంటే ఎనిమిది తీగలూ కావాలి. ఒక్కటి తెగినా, ప్లగ్గులో సరిగ్గా తగలకపోయినా రెండు పక్కల పరికరాలూ చాలాసార్లు చప్పుడు చేయకుండా 100కి దిగిపోతాయి. ఎర్రర్ రాదు, నెట్ ఆగదు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే, ఎక్కడా ఒక్క హెచ్చరిక ఉండదు! ప్లగ్గును వెలుతురుకు ఎత్తి పట్టి చూడండి. పారదర్శకమైన ప్లాస్టిక్ లోపల ఎనిమిది రంగు తీగలు చివరిదాకా వచ్చి రాగి పిన్నుల కింద ఆగాలి. నీలం, గోధుమ రంగు జంటలు అసలే లేకపోతే అది నాలుగు తీగల కేబుల్. దాన్ని పక్కన పడేయండి. క్లిప్పు విరిగిన కేబుల్‌ను కూడా నేను ఒక్క నిమిషం ఉంచను.

విండోస్ 11లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, ఈథర్నెట్ తెరిస్తే లింక్ స్పీడ్ కనిపిస్తుంది. 1000/1000 ఉండాలి. 100/100 ఉంటే కేబుల్ మార్చి చూడండి. అప్పటికీ మారకపోతే రౌటర్ పోర్టే (కేబుల్ గుచ్చే చోటు) 100ది కావచ్చు, కేబుల్‌ను కంప్యూటర్‌కు కలిపే యూఎస్‌బీ అడాప్టర్ 100ది కావచ్చు. పెట్టె మీద 1200 అని రాసి ఉన్న రౌటర్లలో కూడా 100 పోర్టులున్నవి ఉన్నాయి. ఆ 1200 వైఫై బ్యాండ్లన్నీ (2.4, 5 గిగాహెర్ట్జ్) కలిపి వేసిన లెక్క, పోర్టుకు సంబంధం లేదు.

తప్పు ఏ లింకుదో ఇలా తేల్చుకోండి. ఒకాయనకు కేబుల్ మీద 94, ఫోన్లో 5 గిగాహెర్ట్జ్ వైఫై మీద 210 వస్తోంది. అంటే రౌటర్‌దాకా నెట్ బాగానే వస్తోంది, తప్పు ఆయన కేబుల్‌దో, దాన్ని పెట్టిన రౌటర్ పోర్టుదో, కంప్యూటర్ పోర్టుదో. ఇంకొకావిడకు రెండింటి మీదా 94. అప్పుడు చూడాల్సింది ఫైబర్ పెట్టె నుంచి రౌటర్‌కు వచ్చే పొట్టి కేబుల్. దాన్ని ఎవరూ పట్టించుకోరు, ఇల్లంతా నడిచేది మాత్రం దాని మీదే. మూడో ఆయనకు కేబుల్ పెట్టినా 40 దాటలేదు. పరీక్షించేటప్పుడు కంప్యూటర్లో వైఫై ఆపారా అని అడిగాను. ఆపలేదు. ఆపాక చేసిన పరీక్షే లెక్క.

వైఫై గురించి ఇప్పటికి ఇంత చాలు: 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 చానెళ్లలో ఒకటి పెట్టండి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్ ఉంచండి. 3, 4, 9 లాంటివి పెడితే రెండు పక్కలవాళ్ల సిగ్నల్‌తోనూ తగాదానే. నేనైతే రెండు బ్యాండ్లకు వేర్వేరు పేర్లు పెడతాను, ఏది దేనికి కలిసిందో తెలియాలి కదా. వైఫై సెక్యూరిటీలో టీకేఐపీ (డేటాను దాచే పాత పద్ధతి) ఉంటే ఏఈఎస్‌కు (కొత్త పద్ధతికి) మార్చండి, టీకేఐపీ మీద వైఫై 54 ఎంబీపీఎస్ లింకు దాటదు.

అభ్యాసం: ఇంట్లో ఉన్న ప్రతి నెట్‌వర్క్ కేబుల్‌కూ కాగితం ముక్క అంటించి నంబరు వేయండి. ప్రతి కేబుల్‌ను రౌటర్‌లోని ప్రతి లాన్ పోర్టులో (ఇంట్లోని పరికరాలకు వెళ్లే పోర్టులో) పెట్టి లింక్ స్పీడ్ రాసుకోండి. 1000 చూపిన జోడీతో పొద్దున, రాత్రి మూడేసి సార్లు స్పీడ్ టెస్ట్ చేయండి. ఒకసారికి ఒక్కటే మార్చండి, కేబుల్, పోర్టు రెండూ కలిపి మార్చితే ఆ వరస కొట్టేసి మళ్లీ చేయండి. ఆ పట్టిక పూర్తయ్యాకే చానెల్ జోలికి వెళ్లండి.