మందు కొట్టని కూర తినాలంటే: మన విజయనగరం, శ్రీకాకుళం పెరళ్ళలో ఎలా మొదలుపెట్టాలి

ఆర్గానిక్‌కి మారదామని మొదలుపెట్టినవాళ్ళలో చాలామంది రెండో నెలకే మానేయడం చూశాను. బియ్యం, పప్పులు, నూనె, బెల్లం, కూరలు అన్నీ ఒకేసారి మార్చేద్దామని వెళ్తారు, నెలాఖరుకి లెక్క చూసుకుని ఇది మనవల్ల కాదు అనేస్తారు. అలా చెయ్యకండి. దేనిమీద పురుగుమందు ఎక్కువ పడుతుందో చూసుకుని అక్కడే ఖర్చు పెట్టండి, మిగతావి మామూలుగా కొనుక్కోండి, ఈలోగా పెరట్లోనో డాబా మీదో నాలుగు పాదులు పెట్టండి. మాది విజయనగరం. ఇంటి వెనక సెంటున్నర పెరడు, పైన డాబా. ఆరేళ్ళుగా మా ఆకుకూరలు, బీర, ఆనప (సొరకాయ), వంగ, పచ్చిమిర్చి చాలావరకు అక్కడివే, కాబట్టి చేసి చూసిందే చెప్తున్నాను.

మందు బాగా పడేవి వంకాయ, బెండకాయ, కాలీఫ్లవర్, మిర్చి, కరివేపాకు, ద్రాక్ష. వంగకి కాయతొలిచే పురుగు తప్పదు, పుచ్చు ఒక్కటి కనబడినా మనం కొనం, దాంతో రైతు కోతకీ కోతకీ మధ్య కూడా కొడుతూనే ఉంటాడు. మోనోక్రోటోఫాస్‌ అనే పురుగుమందుని కూరగాయల మీద వాడకూడదని 2005లోనే నిషేధం వచ్చింది, ఆ సంగతి కొనేవాళ్ళకి కూడా తెలిసి ఉండాలి. ఉప్పునీళ్ళలో, చింతపండు నీళ్ళలో కడిగితే పైన అంటుకున్నది కొంత పోతుంది. మొక్క లోపలికి పీల్చుకునే రకం మందు మాత్రం ఎంత కడిగినా పోదు. అందుకే ఇంట్లో పెంచడం కాస్త అలవాటయ్యాక ముందు వంగ, బెండ, మిరప, కరివేపాకు చూసుకోండి. కరివేపాకు ఒక్క మొక్క ఉంటే ఇంటికి చాలు.

అదే చోళ్ళు (రాగులు), గంటెలు (సజ్జలు), సామలు, ఉలవలు అయితే వీటికి పురుగు బాధ తక్కువ, మందు కొట్టేవాళ్ళూ తక్కువ. వీటికి ఆర్గానిక్ అని రాసి ఉందని రెట్టింపు డబ్బు పెట్టడం అనవసరమని నా అభిప్రాయం. పొద్దున్నే చోడి అంబలి తాగడం మన తాతల నాటి అలవాటే. చోడిలో మంచి రకాలు తయారుచేసే పరిశోధన కేంద్రం విజయనగరంలోనే ఉంది, వాళ్ళ రకాల్లో ఒకదానికి వేగావతి అని మన ఏటి పేరే పెట్టారు. సంతలో చోళ్ళు కొని, కడిగి ఎండబెట్టి మిల్లులో ఆడించుకోండి, వారంలో నాలుగు రోజుల టిఫిను అలాగే మారిపోతుంది. తేనె, చింతపండు గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో దొరుకుతాయి. బెల్లం మాత్రం రంగు చూసి కొనండి, పసుప్పచ్చగా మెరిసేదాంట్లో రంగు తేలడానికి వేసే హైడ్రోస్ అనే రసాయనం పడి ఉండే అవకాశం ఎక్కువ, ముదురు గోధుమరంగుదే తీసుకోండి.

ప్యాకెట్టు మీద నేచురల్, ప్యూర్, ఫార్మ్ ఫ్రెష్ అని ఉన్నంత మాత్రాన అది ఆర్గానిక్ అయిపోదు. ఆర్గానిక్ సరుక్కి ప్రభుత్వం పెట్టిన జైవిక్ భారత్ గుర్తు ఉందా చూడండి. పీజీఎస్ అంటే రైతులే గుంపుగా ఒకరి పొలం ఒకరు చూసి ఇచ్చుకునే సర్టిఫికెట్, అందులో పీజీఎస్ గ్రీన్ అని ఉంటే ఆ పొలం ఇంకా మారే దశలో ఉందని అర్థం. నేరుగా ఇంటికి తెచ్చి అమ్మే చిన్న రైతుకి ఈ సర్టిఫికెట్ తప్పనిసరి కాదు, కాగితం లేదని ఆయన్ని అనుమానించకండి, దానికి బదులు ఒకసారి పొలానికి వెళ్ళండి. గట్టు మీద ఖాళీ మందు డబ్బాలు పడి ఉన్నాయా, ఎన్ని పంటలు కలిపి వేశారు, జీవామృతం (పేడ, మూత్రంతో చేసే ద్రవ ఎరువు) డ్రమ్ము నిజంగా వాడుకలో ఉందా అన్నది అక్కడ నిలబడితే తెలిసిపోతుంది. రాష్ట్ర ప్రభుత్వానికి చెందిన రైతు సాధికార సంస్థ 2016 నుంచి రాష్ట్రంలో ప్రకృతి వ్యవసాయం నేర్పిస్తోంది, మన రెండు జిల్లాల్లోనూ అలా పండించేవాళ్ళు ఉన్నారు, దగ్గర్లోని రైతు సేవా కేంద్రంలో అడగండి. మేము శ్రీకాకుళం సన్నాలు, అంటే రాగోలు పరిశోధన కేంద్రం రకం, ఒక రైతుతో నాట్లకి ముందే మాట్లాడుకుని ఏడాది బియ్యం తెచ్చుకుంటాం. ఆయనకి అమ్మకం టెన్షన్ ఉండదు, మాకు ధర ముందే తెలుస్తుంది.

ఇక పెరడు. విత్తనాల ప్యాకెట్టు కొనేముందు నేల సంగతి చూడండి. మన వైపు ఎర్రనేల ఎక్కువ, నీళ్ళు ఇట్టే దిగిపోతాయి, ఎండాకాలం బిగుసుకుపోతుంది, సత్తువ తక్కువ. నాగావళి, వంశధార పక్కన ఒండ్రునేల ఉన్నవాళ్ళకి పని సులువు, ఉద్దానం వైపు ఇసుక నేలవాళ్ళకి ఇంకా కష్టం. ఏ నేలకైనా కావలసింది మాగిన గత్తం, అంటే పశువుల ఎరువు. మాగిందని ఎలా తెలుస్తుందంటే నల్లగా పొడిపొడిగా ఉంటుంది, పేడ వాసన రాదు, పోగులో చెయ్యి పెడితే వేడి తగలదు. మొదటి ఏడాది నేను ఆత్రంగా పచ్చి గత్తం వేసి ముప్పై వంగ మొక్కలు పోగొట్టుకున్నాను. వేళ్ళు మాడిపోయాయి, బతికినవాటికి లావుపాటి తెల్ల పురుగులు పట్టాయి. మరుసటి ఏడాది ఒక నర్సరీలో వర్మీకంపోస్టు అని కొన్న బస్తాలో సగం మట్టే వచ్చింది. ఇప్పుడు బస్తా కొనేముందు గుప్పెడు తీసి నీళ్ళ గ్లాసులో వేసి తిప్పుతాను, ఇసుక, మట్టి ఎంత ఉందో అడుగున కనబడుతుంది.

నేల బాగుపడ్డానికి నేను చూసినవాటిలో అన్నిటికంటే బాగా పనిచేసింది నవధాన్యాలు చల్లడం. ఏప్రిల్‌లో ఒక జల్లు పడగానే ఖాళీ మడిలో ఇంట్లో ఉన్న గింజలన్నీ, పెసలు, మినుములు, అలసందలు, ఉలవలు, నువ్వులు, చోళ్ళు, గంటెలు, జనుము, ఆవాలు, ధనియాలు, ఏవుంటే అవి కలిపి చల్లేయండి. నలభై, నలభై ఐదు రోజులకి, పూత రాకముందే కోసి అక్కడే పరిచేయండి, వీలైతే మట్టిలో కలపండి. మృగశిర కార్తెకి, అంటే జూన్ రెండో వారానికి, అదే మడిలో పాదులు పెడితే మొక్క పెరిగే తీరే వేరుగా ఉంటుంది. ఇలా రెండేళ్ళు చేశాక మా ఎర్రమట్టిలో వేలితో గుచ్చితే వేలు దిగుతోంది.

జీవామృతం పెరడు కొలతలో చెప్తాను. ఇరవై లీటర్ల నీళ్ళకి ఆవు పేడ కిలో, మూత్రం లీటరు, బెల్లం 200 గ్రాములు, శనగపిండో ఉలవపిండో 200 గ్రాములు, మందు పడని చోట నుంచి గుప్పెడు మట్టి. నీడలో పెట్టి గోనెసంచి కప్పి, రోజూ రెండుపూటలా కర్రతో తిప్పి, 48 గంటల తర్వాత వాడండి, వారంలోపు అయిపోవాలి. లీటరుకి పది లీటర్ల నీళ్ళు కలిపి తడి నేల మీదే పాదుల్లో పొయ్యండి, పదిహేను రోజులకోసారి చాలు. ఆవు అందుబాటులో లేదనుకుంటే వదిలేయండి, కూరగాయల తొక్కలు ఒక వంతు, ఎండాకులు రెండు వంతులు కన్నాలున్న డ్రమ్ములో వేసుకుంటూ పోతే మూడు నెలల్లో ఎరువు తయారవుతుంది.

మొదటిసారే క్యారెట్టు, క్యాబేజీ జోలికి వెళ్ళకండి. తోటకూర, గోంగూర, బెండ, బీర, ఈ నాలుగూ చాలు. తోటకూర 25 నుంచి 30 రోజులకి చేతికొస్తుంది, గోంగూర సంగతి చెప్పక్కర్లేదు, గోగు పండించిన జిల్లాలు మనవి. బెండ 45, 50 రోజులకి కాపు మొదలవుతుంది. ఆనప, కాకర, బరబాటీలు (పొడుగు అలసంద కాయలు) కూడా తొలకరికే పెట్టుకోవచ్చు. టమాటా నారు సెప్టెంబరు చివర్లో పోసి వానలు తగ్గాక నాటండి, పాలకూర, కొత్తిమీర, ముల్లంగి నవంబరులో వేసుకోండి. నాటు చిక్కుడు ఆషాఢంలో పెట్టినా పగటిపూట తగ్గితేగానీ పూత పట్టదు, దాని స్వభావమే అంత, ఆకులే వస్తున్నాయని పీకేయకండి, సంక్రాంతికి పందిరి నిండా కాస్తుంది.

పిందెలు పసుపు రంగుకి మారి రాలిపోతున్నాయని చాలామంది అడుగుతారు. ఆనప, బీర, కాకర, గుమ్మడిలో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు, ఆడపువ్వు కింద చిన్న పిందె ఉంటుంది. ఊళ్ళో తేనెటీగలు తక్కువ, పుప్పొడి అందకే ఎక్కువగా రాలుతుంది. మగపువ్వు కోసి రేకులు తీసేసి ఆడపువ్వు మధ్యలో మెల్లగా రాయండి. వేళ ముఖ్యం, ఆనప, బీర పువ్వులు సాయంత్రం విచ్చుకుంటాయి, గుమ్మడి, కాకర పొద్దున్నే. మడి అంచున నాలుగు బంతి మొక్కలు ఉంటే తేనెటీగలు వాటంతటవే వస్తాయి.

పురుగుల విషయంలో రోజూ పది నిమిషాలు చూడ్డం కంటే మించిన మందు లేదు. వంగ కొమ్మ చివర తల వాల్చిందంటే లోపల పురుగు ఉన్నట్టే, అక్కడికి రెండంగుళాలు కిందకి తుంచి కాల్చేయండి, మడిలో పడేయకండి. బెండ ఆకుల ఈనెలు పసుపు రంగుకి తిరిగితే అది తెల్లదోమ వల్ల వచ్చే పల్లాకు తెగులు, ఆ మొక్క బాగుపడదు, పీకేయండి, వచ్చేసారి అర్కా అనామిక లాంటి తట్టుకునే రకం పెట్టండి. పేనుబంక, పిండినల్లి కనబడితే ముందు గట్టిగా నీళ్ళు కొట్టి, సాయంత్రం లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు నీళ్ళు కలిపి ఆకుల అడుగున తగిలేలా పిచికారీ చెయ్యండి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది. పండు ఈగ కుట్టిన బీర, కాకరకాయలు కింద రాలితే ఏరి సంచిలో కట్టి ఎండలో పడేయండి, అక్కడే వదిలేస్తే పురుగు మట్టిలోకి దిగి మళ్ళీ ఈగై వస్తుంది.

డాబా మీద పెట్టేవాళ్ళు బరువు చూసుకోండి, బరువైన తొట్లు దూలాల మీదుగా, గోడల వెంట ఉంచండి, రెండు ఇటుకల మీద ఎత్తిపెడితే నీళ్ళు నిలవవు. ఆకుకూరలకి ఆరంగుళాల లోతు చాలు, వంగ, మిరపకి అడుగు ఉండాలి, తీగలకి ఇరవై లీటర్ల పెయింటు డబ్బా కంటే చిన్నది వద్దు. మట్టి రెండు వంతులు, గత్తం ఒక వంతు, కొబ్బరి పొట్టు ఒక వంతు, డబ్బాకి గుప్పెడు వేపపిండి. కొబ్బరి పొట్టులో ఉప్పు ఉంటుంది, రెండుమూడుసార్లు కడిగి పిండాకే కలపండి.

మన దగ్గర అక్టోబరు గాలి సంగతి మర్చిపోకూడదు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, రెండూ అక్టోబరులోనే వచ్చాయి. పందిరి వెదురుతో వేసినా జీఐ తీగతో (జింకు పూత ఉన్న ఇనప తీగ) గోడ కొక్కేలకి కట్టండి, తుపాను హెచ్చరిక రాగానే ఎదిగిన కాయలన్నీ కోసేసి డాబా మీది తొట్లు కింద గోడ వారకి దించేయండి.

ఇక విత్తనం. గులాబీ రంగు పూత ఉన్న గింజలు మందు పట్టించినవి, మనకి వద్దు. హైబ్రిడ్ గింజ దాచినా వచ్చే ఏడాది అదే కాయ రాదు, అందుకని నాటు రకాలే తెచ్చుకోండి. తీగకి వచ్చిన రెండో మూడో మంచి కాయని విత్తనానికి వదిలేసి గుడ్డపీలిక కట్టండి, లేకపోతే ఇంట్లో ఎవరో ఒకరు కూరకి కోసేస్తారు. బీరకాయ తీగ మీదే ఎండి గలగలమనాలి, ఆనప బుర్రలా గట్టిపడాలి. గింజలు నీడలో ఆరబెట్టి, బూడిదలో కలిపి, గాజుసీసాలో మూత బిగించి తారీఖు రాసి పెట్టుకోండి. కొన్ని గింజలు తెలిసినవాళ్ళకి తప్పకుండా ఇవ్వండి. రెండేళ్ళ క్రితం వానలకి మా ఆనప గింజలు బూజు పట్టి మొత్తం పోయాయి, అంతకుముందు మా పిన్నికి ఒక గుప్పెడు ఇచ్చి ఉన్నాను, చీపురుపల్లి వెళ్ళి వాళ్ళ పెరట్లో కాసిన కాయ నుంచే మళ్ళీ తెచ్చుకున్నాను.