కొత్త కట్టె డెక్‌కు ఏ స్టెయిన్ వేయాలి

డెక్ అంటే ఇంటి బయట కట్టె పలకలు పరిచిన అరుగు. దాని పని అయిపోగానే పాలిష్ మేస్త్రీ అడిగేది ఒక్కటే: మెలమైనా, పీయూనా (పాలీయూరిథేన్)? రెండూ తలుపులకు, బీరువాలకు బాగుంటాయి. నేల మీద పరిచిన కట్టెకు వద్దు. మెలమైన్ ఇంటి లోపలి సరుకు, బయట ఎండకు పసుపెక్కి పగుళ్లిస్తుంది. బయటి రకం పీయూ నిలువు తలుపు మీద నిలుస్తుంది కానీ డెక్ మీద వాననీళ్లు నిలబడతాయి, కాళ్లు రాస్తాయి, కుర్చీలు గీస్తాయి. వెంట్రుకంత పగులు వచ్చినా చాలు, నీళ్లు పొర కిందికి దూరి అక్కడ తెల్లగా లేస్తుంది. అప్పుడు ఆ ఒక్క చోట పూత వేస్తే కుదరదు, మొత్తం గీకాల్సిందే.

కాబట్టి పైన పొర కట్టేది కాదు, కట్టెలోకి ఇంకే స్టెయిన్ అడగండి. అందులోనూ కాస్త రంగు కలిసినదే తీసుకోండి. రంగులేని నూనె కొత్తలో ముచ్చటగా ఉంటుంది కానీ ఎండను ఆపదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు కట్టె పోగులను పట్టి ఉంచే లిగ్నిన్‌ను విరగ్గొడతాయి, వాన దాన్ని కడిగేస్తుంది, టేకు బూడిద రంగుకు తిరుగుతుంది. ఆ కిరణాలను అడ్డుకునేది స్టెయిన్‌లోని రంగుపొడే. కట్టె గీతలు కనిపిస్తూనే రంగు పట్టే సెమీ ట్రాన్స్‌పరెంట్ రకం మన ఎండకు సరైన మధ్య దారి. గీతలు పూర్తిగా మూసేసే సాలిడ్ రకం ఎక్కువ కాలం రంగు నిలుపుతుంది కానీ అది పెయింట్ లాంటిదే, నడిచే చోట లేస్తుంది.

ఛాయ విషయంలో ఒక మాట. డెక్ మీద మనం చెప్పులు విడిచి తిరుగుతాం. నల్లగొండలో మే నెల ఎండ 44 డిగ్రీలు దాటిన రోజున ముదురు కాఫీ రంగు పలక మీద అడుగు పెట్టలేరు. తేనె రంగు, లేత గోధుమ రంగు అయితే వేడి కాస్త తక్కువ. దుకాణంలో కార్డు చూసి మాత్రం ఖాయం చేయకండి. మీ పలకలోంచే కోసిన ముక్కను డెక్ లాగే సాండింగ్ చేసి, సగానికి ఒక పూత, సగానికి రెండు పూతలు వేసి, ఒక రోజు బయట పెట్టి చూడండి. నూనె తగిలితే టేకు అనుకున్నదానికన్నా ముదురవుతుంది.

నీటి ఆధారితమా, నూనె ఆధారితమా? నూనెది లోతుగా ఇంకుతుంది, మళ్లీ పూత వేయడం తేలిక. అవిసె నూనె ఎక్కువగా ఉన్నదైతే వానాకాలం బూజు పట్టి నల్లబడుతుంది, బూజు మందు కలిపిన సరుకే అడగండి. నీటిది త్వరగా ఆరుతుంది కానీ ఎండలో బ్రష్ లాగేలోపే ఆరి అతుకు గీతలు పడతాయి. పాత బండి ఇంజిన్ ఆయిల్ పూస్తే చెదలు రావని చెప్పేవాళ్లుంటారు. డెక్‌కు అది పూశారంటే ఇక ఏ స్టెయినూ పట్టదు. స్టెయిన్ కూడా చెదలను ఆపదు, దానికి నేలకు మందు వేరుగా కొట్టించాలి.

సామిల్ నుంచి పచ్చిగా వచ్చిన మద్ది, వేప కట్టె మీద తొందరపడకండి. తేమ మీటరులో 15 శాతం లోపు ఉండాలి. మీటరు లేకపోతే నాలుగైదు చోట్ల నీటి చుక్కలు వేయండి. ఒకటి రెండు నిమిషాల్లో ఇంకితే సిద్ధం. పూసల్లా నిలిచాయంటే రెండు కారణాలుంటాయి: కట్టె తడిగా ఉండడం, లేదా రంద మిషన్ కింద మెరిసిపోయి రంధ్రాలు మూసుకుపోవడం. రెండోదానికి 60 నంబర్, ఆ పైన 80 నంబర్ పేపర్‌తో పోగు వెంట రుద్దండి. అక్కడితో ఆపేయాలి. నునుపు బాగుందని 180 దాకా పోతే స్టెయిన్ ఇంకదు. టేకులో సొంత నూనె ఉంటుంది, పూతకు ముందు థిన్నర్ గుడ్డతో ఒకసారి తుడవాలి.

మామూలు ఇనుప మేకులు కొట్టి ఉంటే టేకు మీద వాటి చుట్టూ నల్లగా మరకలు పడతాయి, ఇనుము కట్టెలోని టానిన్ అనే వగరు పదార్థంతో కలవడం వల్ల. స్టెయిన్‌లెస్ స్క్రూలు వేయించి, లీటరు గోరువెచ్చని నీళ్లలో సుమారు 100 గ్రాముల ఆక్సాలిక్ ఆమ్లం కలిపి మరక మీద రాసి, బాగా కడగండి. అది విషం, చేతులకు గ్లౌజులు, ముక్కుకు మాస్కు తప్పనిసరి. కడిగింది బోరు నీళ్లతో అయితే వెంటనే గుడ్డతో తుడవండి, లేకపోతే ఉప్పు చుక్కలు తెల్లగా మిగిలి స్టెయిన్ కింద కనిపిస్తాయి.

పూతకు మంచి కాలం దీపావళి నుంచి శివరాత్రి దాకా. చలికాలం పొద్దున మంచు తడి ఉంటుంది, పది దాటాక మొదలుపెట్టి మూడు లోపు ముగించండి. పని మే నెలలో పూర్తయితే పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర లోపే వేయండి. సాయంత్రం నీడ పడినా పలకలు ఇంకా కాలుతుంటాయి. వానలు పోయాక చూద్దామని వదిలేస్తే పైపోగు చచ్చి, మళ్లీ సాండింగ్ పడుతుంది.

10 అడుగులకు 12 అడుగుల డెక్ అంటే 120 చదరపు అడుగులు. నునుపైన టేకు మీద లీటరుకు 80 నుంచి 100 చదరపు అడుగులు వస్తుందనుకుంటే, పైన రెండు పూతలకు, పలకల అడుగున ఒక పూతకు, అంచులకు కలిపి 4 నుంచి 5 లీటర్లు కావాలి. అడుగుపూత పలకలు బిగించకముందే వేయాలి. కోసిన చివరలు నీళ్లను గొట్టాల్లా పీలుస్తాయి, వాటికి తాగినంత పట్టించండి. అన్ని డబ్బాలూ ఒకే బకెట్‌లో పోసి కలపండి, డబ్బాకూ డబ్బాకూ ఛాయ తేడా ఉంటుంది. రంగుపొడి అడుగున పేరుకుంటుంది కాబట్టి పావుగంటకోసారి కర్రతో కలపాలి.

పక్కన తాండూరు బండలుంటే ప్లాస్టిక్ పరచండి, వాటికి పట్టిన మరక పోదు. నాలుగంగుళాల బ్రష్‌తో రెండు పలకలు పట్టి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఆపకుండా లాగండి. మధ్యలో ఆగితే ఆ గీత ఎప్పటికీ కనిపిస్తుంది. 15 నిమిషాలకు ఇంకకుండా మెరుస్తున్నదంతా గుడ్డతో తుడిచేయాలి. ఎక్కువ వేస్తే గట్టి అనుకుని వదిలేస్తే వారమైనా జిగురుగా ఉండి దుమ్మంతా అంటుకుంటుంది. రెండో పూత ఎప్పుడన్నది డబ్బా మీద చూడండి, కొన్నిటికి మొదటిది ఆరకముందే వేయాలి.

తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయకండి. నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, కుప్పలో ఉన్న గుడ్డలు వాటంతటవే అంటుకుంటాయి. నీళ్ల బకెట్‌లో ముంచి, తీసి, ఒక్కొక్కటిగా బయట గోడ మీద ఆరేసి, గట్టిపడ్డాకే పారేయండి.