బయానా ఇచ్చే ముందు హద్దులు చదవండి

ఇల్లో, స్థలమో కొనాలని వచ్చినవాళ్లు నన్ను మొదట అడిగేది "గజం ఎంత పెట్టొచ్చండీ?" అనే. విజయనగరంలో రిజిస్ట్రారాఫీసు దగ్గర దస్తావేజులు రాసి సంసారం నడిపినవాణ్ణి. నా జవాబు ఎప్పుడూ ఒకటే. కాగితంలో ఏముందో, నేల మీద ఏముందో ముందు చూసుకు రండి, ధర సంగతి తర్వాత. ధరలో యాభై వేలు అటూ ఇటూ అయితే మనిషి తట్టుకుంటాడు. హద్దు తేడా వచ్చినా, ఒక వారసుడి సంతకం తక్కువైనా ఆ తగువు పిల్లల కాలానికి కూడా తెమలదు.

దస్తావేజు ఇస్తే అందరూ పేర్లు చూస్తారు, సొమ్ము చూస్తారు, అక్కడితో మడిచేస్తారు. ఆస్తి ఉండేది చివర్లో ఉన్న షెడ్యూలులో. గ్రామం, సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు, నాలుగు పక్కల అడుగులు అక్కడ ఉంటాయి. ఆ పేజీ జిరాక్సు, ఒక టేపు పట్టుకుని స్థలానికి వెళ్లండి. తూర్పు ముఖంగా నిలబడి ఒక్కో హద్దూ పైకి చదవండి. "దక్షిణం: ఫలానా వారి ఖాళీ స్థలం" అని రాసి ఉంటే, అక్కడ ఇప్పుడున్న ఇల్లు ఆ ఫలానా వారిదేనా, వాళ్ల దగ్గర కొన్నవాళ్లదా అని ఆ ఇంటి తలుపు తట్టి అడగండి. అమ్మేవాళ్లు చెప్పని సంగతులు పక్కింటివాళ్లు రెండు నిమిషాల్లో చెప్పేస్తారు.

నెల్లిమర్ల రోడ్డులో ఒక తండ్రీ కూతురూ 150 గజాల స్థలం చూసుకున్నారు. కాగితంలో ఉత్తర దక్షిణాలు 30 అడుగులు, తూర్పు పడమరలు 45. టేపు పెడితే వెనకవైపు 30 సరిగ్గానే ఉంది, రోడ్డు వైపు మాత్రం 28 వచ్చింది. దక్షిణం పక్కాయన ప్రహరీ ముందుకొచ్చేసరికి రెండడుగులు లోపలికి జరిగింది. లెక్క కడితే 1,305 చదరపుటడుగులు, అంటే 145 గజాలు. గజం 20 వేలనుకుంటే లక్ష రూపాయల తేడా. పక్కాయన గోడ తీయనన్నాడు. ఆఖరికి 145 గజాలకే సొమ్ము కట్టి, ముందు 28, వెనక 30 అని ఉన్నదున్నట్టు రాయించుకున్నారు. పాత దస్తావేజు చూసి 150 అనే దింపేసి ఉంటే ఆ అయిదు గజాల తగువు కొన్నవాళ్ల మెడకే చుట్టుకునేది.

కొలత తర్వాత భూమి పుట్టుక చూడాలి. మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలు రెండూ చాలావరకు జమీందారీ ఏలుబడిలో ఉన్నవి. 1948 చట్టంతో ఎస్టేట్లు రద్దయ్యాక సెటిల్‌మెంటు జరిగింది కాబట్టి పాత ఎస్టేటు గ్రామాల్లో సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ (ఏ సర్వే నంబరు ఏ రకం భూమో రాసిన రికార్డు) నకలు చూడందే అడుగు వేయకండి. అందులో జిరాయితీ, అంటే సొంత పట్టా భూమి అని ఉండాలి. ఇనాం (దానంగా ఇచ్చిన మాన్యం) అని ఉంటే అది ఎలా పరిష్కారమైందో కాగితం చూపించమనండి. గెడ్డ (వాగు), చెరువు, పోరంబోకు అని ఉంటే ఆ పైన ఎన్ని దస్తావేజులు నడిచినా కొనకండి. ప్రభుత్వం పేదలకిచ్చిన డి-పట్టా భూమి, అలాంటి భూముల బదిలీని కట్టడి చేసే 1977 చట్టం కిందికి వస్తుంది. "అందరూ కొంటున్నారు" అన్న మాట మీద అందులో చెయ్యి పెట్టొద్దు. దేవుడి మాన్యాలూ, ప్రభుత్వ భూములూ రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ సెక్షను కింద నిషేధిత జాబితాలో ఉంటాయి. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులోనే సర్వే నంబరు కొట్టి చూసుకోవచ్చు. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం లాంటి ఏజెన్సీ ఊళ్లలో గిరిజనేతరులకు భూమి బదిలీ 1970 నాటి ఒకటో నిబంధన (1/70) ప్రకారం అసలు చెల్లదు.

ఇక ఈసీ, అంటే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్టు. ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా అది, ఖర్చు పెద్దగా ఉండదు. కనీసం 30 ఏళ్లకు తీయండి. పట్టణంలో పాత ఇళ్లకు డోరు నంబరుతో ఒకసారి, సర్వే నంబరుతో ఒకసారి తీయాలి. ఒకదానిలో కనబడని తనఖా రెండోదానిలో బయటపడ్డ సందర్భాలు నా బల్ల మీదే చూశాను. రీసర్వే అయిన ఊళ్లలో సర్వే నంబర్లకు బదులు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. పాత నంబరుకూ కొత్త నంబరుకూ రెండింటికీ చూడాలి. ఇంకో మాట, ఈసీలో కనబడేది రిజిస్టరైన లావాదేవీలే. కోర్టు కేసు, నోటు మీద రాసుకున్న అగ్రిమెంటు, రిజిస్టరు కాని వీలునామా అందులో కనబడవు. అందుకే అసలు దస్తావేజులు చేత్తో పట్టుకుని చూడాలి. "ఒరిజినల్స్ మా తమ్ముడి దగ్గర హైదరాబాదులో ఉన్నాయి" అంటే అవి ఏ బ్యాంకులో ఉన్నాయో తేలేదాకా బయానా ఇవ్వకండి.

ఇప్పుడు ఆడపిల్లల సంతకం. నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇదే.

తండ్రి పోయాక అన్నదమ్ములు ఇల్లు అమ్మకానికి పెడతారు. అక్కచెల్లెళ్ల ఊసు ఎత్తితే "పెళ్లిలోనే అన్నీ ఇచ్చీసాం బాబూ, దానికింకేటి హక్కు?" అంటారు. పెళ్లిలో ఏమిచ్చారో చట్టం అడగదు. హిందూ కుటుంబాల్లో వీలునామా లేకుండా తండ్రి పోతే ఆయన స్వార్జితంలో భార్యకు, బతికి ఉంటే తల్లికి, కొడుకులకు, కూతుళ్లకు సమాన వాటా. ఇది 1956 నుంచీ ఉన్నదే. పిత్రార్జితంలో కూతుళ్లకు హక్కు మన రాష్ట్రంలో 1986 చట్టంతో వచ్చింది, 2005లో దేశమంతటా పెళ్లయినవాళ్లకూ దక్కింది. 2005 నాటికి తండ్రి బతికి ఉండాలన్న షరతు లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చేసింది. కాబట్టి ఫ్యామిలీ మెంబరు సర్టిఫికెట్టు తెప్పించండి. అందులో పేరున్న ప్రతి ఒక్కరూ అమ్మేవాళ్లుగా సంతకం చెయ్యాలి, లేదా ముందుగా రిజిస్టరైన హక్కు విడుదల దస్తావేజు చూపించాలి. సర్టిఫికెట్టులో కూతురి పేరు రాయించకుండా వదిలేసేవాళ్లూ ఉన్నారు. ఆ వీధిలో వాకబు చేస్తే తెలిసిపోతుంది.

శ్రీకాకుళంలో గుజరాతీపేట వైపు ఒక పాత పెంకుటిల్లు బేరం ఇలాగే ఆగింది. చెల్లెలు బరంపురంలో కాపురం. అన్నలు ఆమెకు కబురే పెట్టలేదు. కొనేవాళ్లు పట్టుబట్టి ఫోను చేయించారు. ఆమె వాటా అక్కర్లేదంది. మా నాన్న ఇల్లు అమ్మే మాట నాకు చెప్పాలి కదా, ఆ మాత్రం మర్యాద చాలు అంది. రైలెక్కి ఆమదాలవలసలో దిగి, వచ్చి సంతకం పెట్టింది. అన్నలు తర్వాత ఆమె చేతిలో కొంత సొమ్ము పెట్టారని విన్నాను. ఆస్తి మైనరు పేరున ఉంటే మాత్రం కోర్టు అనుమతి ఉండాల్సిందే.

జీపీఏ (యజమాని తన తరఫున వ్యవహరించమని ఇంకొకరికి రాసిచ్చే అధికార పత్రం) మీద అమ్మేవాళ్లు వస్తే, రాసిచ్చిన మనిషితో వీడియో కాల్‌లో మాట్లాడండి. ఆ మనిషి పోతే జీపీఏ కూడా సాధారణంగా అక్కడితో చెల్లదు. ఉత్త జీపీఏతో యాజమాన్యం రాదని 2011లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి డెంకాడ, పూసపాటిరేగ దాకా ఎన్ని రంగుల బ్రోచర్లు పంచారో లెక్కలేదు. బ్రోచరు పక్కన పెట్టి ఎల్పీ (లేఔటు అనుమతి) నంబరు, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు అడగండి. లేఔట్లకు అనుమతిచ్చే పట్టణాభివృద్ధి సంస్థలు విజయనగరం వైపు వీఎంఆర్డీఏ, బొబ్బిలి వైపు బుడా, శ్రీకాకుళం వైపు సుడా. మీ ప్లాటు ఎవరి పరిధిలో ఉంటే ఆ ఆఫీసులోనే ఆ నంబరు సరిచూసుకోండి. 500 చదరపు మీటర్లు దాటిన లేఔటుకు రెరా రిజిస్ట్రేషన్ ఉండాలి. రిజిస్టరైన అగ్రిమెంటు లేకుండా డెవలపరు పది శాతం మించి తీసుకోకూడదు. "అప్రూవల్ వచ్చేస్తుంది, ఇప్పుడైతే రేటు తక్కువ" అన్న మాటకు డబ్బు కట్టిన రిటైరైన మేష్టర్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. అనుమతి లేని ప్లాటుకు ఇంటి ప్లానూ తేలిగ్గా రాదు, బ్యాంకు లోనూ రాదు.

స్థలాన్ని ఎండలో ఒకసారి, గట్టి వాన కురిసిన మర్నాడు ఒకసారి చూడండి. హుద్‌హుద్, తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయి. నాగావళి ఒడ్డు కాలనీల్లో, గెడ్డల పక్కన వెలిసిన లేఔట్లలో ఇళ్ల గోడల మీద నీటి చార ఎంత ఎత్తున ఉందో చూస్తే సగం తెలిసిపోతుంది. వాస్తు చూపించుకోండి, కాదనను. ఈశాన్యం చూసిన శ్రద్ధలో సగం నీరు పారే దారి మీద కూడా పెట్టండి.

సొమ్ము సంగతి క్లుప్తంగా. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం లెక్క వేసుకోండి. 40 లక్షల ఇంటికి 3 లక్షలు. ప్రభుత్వ విలువ ఎక్కువుంటే ఆ విలువ మీద కట్టాలి. ఇది మామూలుగా బ్యాంకు లోనులో కలవదు, చేతిలో ఉంచుకోవాలి. ధర 50 లక్షలు, ఆ పైన అయితే కొనేవాళ్లే అమ్మేవాళ్లకిచ్చే సొమ్ములో 1 శాతం టీడీఎస్ (ముందుగా కోసే ఆదాయపు పన్ను) కోసి ప్రభుత్వానికి కట్టాలి. అమ్మేవాళ్లు ఎన్నారైలైతే కోత వేరు, ఆడిటరును అడగాలి. స్థిరాస్తి బేరంలో 20 వేలు, ఆ పైన నగదుగా తీసుకోవడం 2015 నుంచి నిషేధం. తీసుకున్నవాళ్లకు తీసుకున్నంత జరిమానా పడొచ్చు. బయానాతో సహా బ్యాంకు ద్వారానే నడపండి. దస్తావేజులో తక్కువ వేయించుకుంటే, రేపు మీరు అమ్మిననాడు ఆ తేడా మీ లాభంగా లెక్కకొచ్చి పన్ను మీరు కట్టుకుంటారు.

అమ్మేవాళ్లకూ రెండు మాటలు. బోర్డు పెట్టే ముందే పన్ను మీ పేరుకు మార్పించుకోండి, పాత లోను తీరిపోయి ఉంటే దాని రద్దు దస్తావేజు రిజిస్టరు చేయించండి. తీరిన లోను ఈసీలో బతికుండటం వల్ల చేతిదాకా వచ్చిన బేరాలు తప్పిపోతాయి. సర్వేయరు కొలిచిన నక్షా మీ దగ్గరుంటే కొనేవాళ్లు ధర దగ్గర ఎక్కువ పీకులాడరు. ఆషాఢంలో, మూఢంలో కొనేవాళ్లు తగ్గుతారు, తొందర లేకపోతే శ్రావణం దాకా ఆగండి. బ్రోకరు కమీషను ఎంతో, ఎప్పుడో మొదటి రోజే మాట్లాడుకోండి. అమ్మిన ఇంటి లాభంతో రెండేళ్లలోపు ఇంకో ఇల్లు కొన్నా, మూడేళ్లలోపు కట్టుకున్నా పన్ను మినహాయింపు దొరికే వీలుంది. ఇది అమ్మకముందే ఆడిటరుతో చూసుకోవాల్సిన పని.

రిజిస్ట్రేషన్ రోజున, సంతకానికి ముందు, షెడ్యూలు ఇంకోసారి చదవండి. నంబర్లలో ఒక అంకె తారుమారైతే సవరణ దస్తావేజుకు మళ్లీ అందరినీ పిలవాలి, అప్పటికి అమ్మినవాళ్లు ఫోనెత్తుతారో లేదో. తర్వాత మునిసిపాలిటీలోనో పంచాయతీలోనో పన్ను పేరు మార్పు, కరెంటు మీటరు పేరు మార్పు వెంటనే చూసుకోండి. కొద్ది రోజులు ఆగి మళ్లీ ఒక ఈసీ తీయించి, మీ పేరు, దస్తావేజు నంబరు, విస్తీర్ణం సరిగ్గా ఎక్కాయో లేదో చూసి, దాన్ని కూడా అసలు దస్తావేజుతో కలిపి దాచండి.