మిర్చి ఎక్స్‌పోర్ట్ బేరంలో ఇంగ్లిష్ ఎక్కడ తేడా కొడుతోంది? సమస్య - పరిష్కారం

గుంటూరు యార్డులో శాంపిల్ కాయ చేతిలో పట్టుకుని నిమిషాల్లో బేరం తేల్చేసే మనిషి, అదే సరుకును విదేశీ బయ్యర్‌కి ఈమెయిల్‌లో అమ్మాలంటే టెన్షన్ పడతాడు. గ్రామర్ పెద్ద అడ్డంకి కాదు. వచ్చీరాని గ్రామర్‌తోనే కంటైనర్లు పంపిస్తున్నవాళ్లు బోలెడుమంది. తేడా కొట్టేది ఏ మాట వాడుతున్నాం అన్న దగ్గరే. కింద రాసిన రేట్లు ఉదాహరణ కోసమే.

సమస్య: రేటు చెప్పగానే "టూ హై" అంటాడు

కారణం: "అవర్ ప్రైస్ ఈజ్ అరౌండ్ 2,200 డాలర్స్, నెగోషియబుల్" అని రాస్తాం. "అరౌండ్", "నెగోషియబుల్" రెండూ బేరం మొదలవకముందే మనం దిగొస్తామని చెప్పేస్తాయి. "2,100 టు 2,200" అని రాస్తే మరీ ఘోరం, బయ్యర్ కంటికి 2,100 ఒక్కటే ఆనుతుంది. పైగా పోర్టు పేరు లేకపోతే, ఓడ కిరాయి, ఇన్సూరెన్స్ కూడా మనమే కడుతున్నామని అతను అనుకునే ప్రమాదం ఉంది.

పరిష్కారం: ఒకే అంకె, దాని పక్కన షరతులు. "2,200 డాలర్స్ పర్ మెట్రిక్ టన్, ఎఫ్‌ఓబీ చెన్నై, వ్యాలిడ్ టిల్ ఫ్రైడే." ఇందులో పొగిడే మాట ఒక్కటీ లేదు, అయినా ఇదే గట్టిగా వినిపిస్తుంది. ఎఫ్‌ఓబీ అంటే సరుకు ఆ పోర్టులో ఓడ ఎక్కేదాకా ఖర్చు మనది, ఓడ కిరాయి, ఇన్సూరెన్స్ బయ్యర్‌వి.

"లాస్ట్ ప్రైస్" అనే మాట మాత్రం యార్డులోనే వదిలేయండి. ఆ మాట రాసి మర్నాడు యాభై డాలర్లు తగ్గిస్తే, తర్వాత మీరు చెప్పే ఏ రేటునీ అతను నమ్మడు. "దిస్ ఈజ్ అవర్ బెస్ట్ ప్రైస్ ఫర్ వన్ కంటైనర్" అనండి. తలుపు మూసినట్టే ఉంటుంది, రెండో కంటైనర్ అడిగితే తెరవడానికి వీలూ ఉంటుంది.

సమస్య: "బెస్ట్ క్వాలిటీ" అని ఎంత రాసినా జవాబు రాదు

కారణం: "ప్రీమియం", "వరల్డ్ క్లాస్", "టాప్ క్వాలిటీ" అని రాయని అమ్మకందారు ఎవరు? మన "డీలక్స్", "మీడియం బెస్ట్" యార్డు మాటలు, అవి బయటి దేశంలో అర్థం కావు. కొనేవాడి ముందు ఒక స్పెసిఫికేషన్ షీట్ ఉంటుంది. రకం ఏది, తొడిమ ఉందా తీశారా, తేమ ఎంత, రంగుకి ఆస్టా విలువ ఎంత, కారానికి స్కోవిల్ యూనిట్లు ఎన్ని, తాలు కాయ ఎంత శాతం అన్నవే అతనికి కావాలి.

పరిష్కారం: విశేషణం రాయబోయిన చోటల్లా కొలత రాయండి. తేజా రకం మిర్చి అమ్ముతున్నారనుకోండి. "బెస్ట్ తేజా, వెరీ డ్రై, నో ప్రాబ్లమ్" అన్న లైను తీసేసి, "తేజా, స్టెమ్‌లెస్, మాయిశ్చర్ బిలో 11 పర్సెంట్, ల్యాబ్ రిపోర్ట్ అటాచ్డ్" అని రాసి చూడండి. అది మీ సరుకు నిజం అంకె అయి ఉండాలి సుమా.

ఐరోపాకి పంపేవాళ్లు "గ్యారంటీ" మాట జోలికి ఊరికే పోకండి. అక్కడ ఎండుమిర్చిలో బూజు వల్ల పుట్టే విషాలకి, అంటే అఫ్లటాక్సిన్లకి, పరిమితి ఉంది: బీ1 రకం కిలోకి 5 మైక్రోగ్రాములు, మొత్తం అఫ్లటాక్సిన్లు 10 మైక్రోగ్రాములు దాటకూడదు. "వీ గ్యారంటీ జీరో అఫ్లటాక్సిన్" అంటే నమ్మడు, నమ్మితే రేపు మనకే చుట్టుకుంటుంది. "టెస్టెడ్ బిలో ఈయూ లిమిట్" అని రిపోర్టు జతచేస్తే చాలు.

సమస్య: తగ్గిస్తూనే ఉన్నాం, తిరిగి ఏమీ రావడం లేదు

కారణం: "ఓకే సర్, వీ విల్ రెడ్యూస్." అక్కడితో వాక్యం అయిపోయింది, మన చేతిలో ఏమీ మిగల్లేదు.

పరిష్కారం: "ఇఫ్" తో మొదలుపెట్టండి. "ఇఫ్ యూ కన్ఫర్మ్ టూ కంటైనర్స్ విత్ 30 పర్సెంట్ అడ్వాన్స్, వీ కెన్ ఆఫర్ 2,160." వరస మార్చకండి. "వీ కెన్ ఆఫర్ 2,160" ముందు వస్తే అతను అక్కడే చదవడం ఆపి, ఆ అంకెనే పట్టుకుంటాడు. షరతు నెరవేరేదాకా "విల్" కూడా వద్దు, "కెన్" సరిపోతుంది.

సమస్య: కొటేషన్ వెళ్లింది, ఆ తర్వాత సడీచప్పుడూ లేదు

కారణం: "కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్", "ప్లీజ్ రివర్ట్". ఏం చేయాలో చెప్పని మాటలు ఇవి.

పరిష్కారం: అవును, కాదు అని తేలిపోయే ప్రశ్న అడగండి. "షల్ వీ హోల్డ్ దిస్ లాట్ ఫర్ యూ టిల్ థర్స్‌డే?" కోల్డ్ స్టోరేజీలో లాటు నిజంగా ఉంటేనే అడగాలి. లేని తొందర సృష్టిస్తే, శుక్రవారం కూడా అదే లాటు అమ్మకానికి కనిపించినప్పుడు పరువు పోతుంది.

సమస్య: ఇంగ్లిష్ బాగానే రాశాం, బయ్యర్‌కే అర్థం కాలేదు

ఇది ఎవరూ పెద్దగా పట్టించుకోరు. తేజా ఎక్కువగా కొనేది చైనా. థాయ్‌లాండ్, బంగ్లాదేశ్ కూడా కొంటాయి. అక్కడివాళ్లకీ ఇంగ్లిష్ రెండో భాషే, చాలామంది మన మెసేజ్‌ని ఫోన్‌లో అనువాదం చేసుకుని చదువుతారు. "బాల్‌పార్క్ ఫిగర్", "విన్-విన్" లాంటి కోచింగ్ సెంటర్ మాటలు అక్కడ గల్లంతవుతాయి. ఒక వాక్యంలో ఒకే సంగతి ఉండాలి. తేదీ 05/06 అని రాస్తే ఒకరు జూన్ 5 అని, ఇంకొకరు మే 6 అని చదువుతారు, అందుకే నెల పేరు రాయండి.

సమస్య: సరుకు మీద బయ్యర్ ఫిర్యాదు చేస్తే మాట తూలుతుంది

"యూ ఆర్ రాంగ్", "యూ మస్ట్ పే" అని రాస్తే మన వైపు న్యాయం ఉన్నా బేరం చెడుతుంది. ఇక్కడ "యూ" తీసేసి కాగితాన్ని మాట్లాడనివ్వండి. "ది ప్రీ-షిప్‌మెంట్ రిపోర్ట్ షోస్ 2 పర్సెంట్ డిస్కలర్డ్ పాడ్స్. ప్లీజ్ సెండ్ ఫోటోస్ ఆఫ్ ది బ్యాగ్స్ విత్ లాట్ నంబర్." ఫోటోలు వచ్చేదాకా "సారీ" అని కూడా రాయొద్దు, తర్వాత రేటు కోతకి ఆ ఒక్క మాటనే చూపిస్తారు.