దేవదూతల మీద బైబిల్ స్టడీ నడపడం ఎలా?

బెంగళూరులో మారతహళ్లి, కె.ఆర్. పురం వైపు తెలుగువాళ్ల ఇళ్లలో కూడికలు నడిపేవాళ్లకు డిసెంబరులో ఈ పాఠం తప్పదు. "దేవదూతలు ఎలా ఉంటారు?" అని మాత్రం మొదలుపెట్టకండి, రెక్కల దగ్గరే గంట గడిచిపోతుంది. ఎవరు పంపారు, ఎవరి దగ్గరికి, ఏం చెప్పమని? ఈ మూడూ వాక్యంలో వెతికించండి.

ముందు లూకా 1. యాజకుడైన జెకర్యాకు కనబడిన గబ్రియేలు దూత ధూపవేదిక కుడివైపున నిలిచాడని ఉంది గానీ, ఎలా ఉన్నాడో ఒక్క ముక్క లేదు. 19వ వచనంలో తన సంగతి తానే చెప్తాడు: దేవుని సముఖంలో ఉండేవాణ్ణి, నీతో మాట్లాడటానికి పంపబడ్డాను. తర్వాత ఆదికాండము 18, 19. అబ్రాహాము ముగ్గురు మనుషులకు భోజనం పెడతాడు. వాళ్లలో ఇద్దరు సొదొమ చేరాక గానీ దేవదూతలన్న మాట రాదు.

మరి రెక్కలో? యెషయా 6లో దేవుని సింహాసనం దగ్గర కనిపించే సెరాపులకు ఆరు, యెహెజ్కేలు 1లోని జీవులకు నాలుగు. ఆ అధ్యాయాలు వీళ్లను దూతలని పిలవవు.

చిక్కంతా ఆదికాండము 16లో ఉంది. శారయి దాసి హాగరుతో మాట్లాడింది యెహోవా దూత. 13వ వచనానికి వచ్చేసరికి, మాట్లాడింది యెహోవాయే అన్నట్టు ఉంటుంది. అది క్రీస్తేనని కొందరు, పంపినవాడి పేరున మాట్లాడే రాయబారి అని కొందరు అంటారు. రెండూ చెప్పి ముందుకు వెళ్లండి. ఇక్కడ తీర్పు చెప్పబోతే కూడిక కాస్తా పంచాయతీ అవుతుంది.

కేథలిక్కులు ఉంటే రఫాయేలు అనే దూత సంగతి అడుగుతారు. ఆయన తోబితు గ్రంథంలో ఉన్నాడు, ప్రొటెస్టెంట్లు వాడే 66 పుస్తకాల బైబిల్లో ఆ గ్రంథం లేదు. ఆ 66లో ప్రధానదూత అని పేరుపెట్టి చెప్పింది మిఖాయేలును ఒక్కడినే (యూదా 9). సాతాను పతనానికి రుజువుగా యెషయా 14:12 (ఆకాశం నుంచి పడిన వేకువచుక్క మాట) ఎత్తేవాళ్ల చేత 4వ వచనం కూడా చదివించండి, ఆ పాట బబులోను రాజు మీద.

పిల్లల క్రిస్మస్ నాటకంలో రెక్కలు కట్టొద్దంటే ఎవరూ వినరు, కట్టనివ్వండి. డైలాగు మాత్రం లూకా 2:10-12 చూసి ఒక్క దూతకే ఇవ్వండి. మిగతా పిల్లలు, దూతల సమూహం వచ్చే 13వ వచనం దాకా తెర వెనకే ఆగాలి.